పెద్ద డోలు మోగిన శనివారం

"సోమవారం పరీక్షా లేదు, గిరీక్షా లేదు. సెప్టెంబరు ఒకటిన నేరుగా బడికే," అంటూ నా కొడుకు డోమెన్ కొత్త బడిసంచీని తెచ్చి భోజనాల బల్ల మీద పడేశాడు.

సంచీ వెళ్లి మొక్కజొన్న సంకటి గిన్నెకు తగిలింది. నా మనవరాలు టింకారా గిన్నె పడిపోకుండా రెండు చేతులా పట్టుకుంది. సంచీ వైపు మాత్రం కన్నెత్తి చూడలేదు.

నా కోడలు బ్రీనా పొయ్యి దగ్గర అటు తిరిగి నిలబడి, వేగిన పంది కొవ్వు ముక్కల్ని గరిటెతో తీస్తోంది. మొగుడు అంత మాటన్నా ఆవిడ తిరిగి చూడలేదు.

"విన్నావా?" అన్నాడు డోమెన్.

బ్రీనా గరిటెతో ఇంకో ముక్క తీసింది.

"చూశావా అమ్మా? నేను మాట్లాడితే గోడతో మాట్లాడినట్టే. జూన్‌లో పిల్ల లెక్కల పరీక్ష తప్పిన కాడ్నుంచీ ఇదే వరస. నేను తిట్టుకోవాలి, ఆవిడ కొవ్వు వేయించుకోవాలి."

నేను ఎవరి పక్షమూ కాదని చెప్పుకుంటే అది అబద్ధమే అవుతుంది. ముప్పై ఆరేళ్లు ఈ ఊరి బడిలో లెక్కలు చెప్పినదాన్ని. పిల్లలు బల్లల మీద కూర్చుంటే, టీచరు నల్లబల్ల దగ్గర నిలబడితే అది చదువు. పిల్లను వెంటేసుకుని సరస్సు గట్ల మీద తిరుగుతూ, పక్షుల కూతలకు స్వరాలు రాయిస్తూ, కప్పగుడ్లు చూపిస్తూ ఉంటే దాన్ని ఏమనాలో నాకు తెలియదు. రెండేళ్లుగా ఇది చదువు కాదన్న మాట నాలుక చివరిదాకా వచ్చినా మింగుతూనే ఉన్నాను. అప్పుడప్పుడు మింగుడుపడక బయటికి కూడా వచ్చింది.

టింకారా లేచి గిన్నె తీసుకుని పొయ్యి దగ్గరకు వెళ్లింది. తల్లి చెయ్యి ముట్టుకుని, మొహం పైకెత్తి చెప్పింది. "అమ్మా, నాన్న సోమవారం పరీక్షకి వద్దంటున్నాడు. బడికే పొమ్మంటున్నాడు."

బ్రీనా అప్పుడు తిరిగింది. మొగుడి మొహంలోకి సూటిగా చూసింది. ఈ మధ్య ఆమె ఎవరితో మాట్లాడినా అలా కళ్లార్పకుండా చూస్తోంది. గొంతు కూడా పెద్దదైంది. పొగరు ముదిరిందని నేను పాలకేంద్రం దగ్గర ఒకరిద్దరితో అన్నాను కూడా.

"పరీక్ష రాయనీ, డోమెన్. రాశాక మాట్లాడదాం."

"ఏం మాట్లాడేది? లుబ్లియానాలో సంగీతం టీచరు ఉద్యోగం మానేసి వచ్చావు, సరే అన్నాను. పిల్లకి ఇంట్లోనే చదువు చెప్తానన్నావు, సరే అన్నాను. నిరుడు ఎలాగో గట్టెక్కింది. ఈసారి పది లెక్కలిస్తే తొమ్మిది ఖాళీగా వదిలేసి వచ్చింది. ఇంట్లో చదివే పిల్లలకి ఏడాదికొక్క పరీక్ష. తప్పితే ఆగస్టులో ఇంకొక్కటి. అదీ తప్పితే పిల్ల మళ్లీ అదే తరగతిలో కూర్చోవాలి, చిన్నపిల్లల మధ్యన. ఆ సిగ్గు పడేకంటే ఇప్పుడే మనంతట మనమే పంపించేద్దాం."

"నాకు సిగ్గుగా లేదు నాన్నా," అంది టింకారా.

"నాకుంది. పాల క్యాన్లు దించుతుంటే ఒక్కొక్కడూ అడుగుతున్నాడు. రోజాలియా టీచరు మనవరాలు లెక్కల్లో తప్పిందటగా అని."

ఆ మాట నాకు చురుక్కున తగిలింది. రోజాలియా టీచరంటే నేనే.

బ్రీనా మళ్లీ పొయ్యి వైపు తిరిగిపోయింది. డోమెన్ ఆమె వీపుతో మరో నాలుగు మాటలన్నాడు. ఆమె పలకలేదు. చివరికి విసిగిపోయి నా వైపు తిరిగాడు.

"అమ్మా, నువ్వే చెప్పు. పిల్లకి నువ్వే పరీక్ష పెట్టు. సిద్ధంగా ఉందని నువ్వంటే సోమవారం నేనే బండి మీద తీసుకెళ్తా. లేదంటే బడి. ఇవాళ సాయంత్రం నువ్వేమంటే అదే ఖాయం. ఇక ఈ ఇంట్లో దీని మీద మాట ఉండకూడదు."

"నన్నెందుకు మధ్యలోకి లాగుతావు?"

"నీ మాట ఇద్దరం వింటాం కాబట్టి."

టింకారా తల్లి చెయ్యి తట్టింది, ఇద్దరూ నా వైపు చూశారు. పిల్ల చూపులో భయం ఉంది. పరీక్షంటే ఉండే భయాన్ని నేను వేల కళ్లలో చూశాను. ఇది ఆ రకం కాదు. ఏ రకమో మాత్రం అప్పుడు పోల్చుకోలేకపోయాను.

---

భోజనాలయ్యాక కళ్లజోడు పెట్టుకుని, కాగితం పెన్సిలూ తీసుకుని పిల్లను కిటికీ పక్కన కూర్చోబెట్టాను.

"జూన్‌లో ఏం జరిగిందో ముందు అది చెప్పు. తొమ్మిది లెక్కలు ఎందుకు వదిలేశావే?"

"టైము చాలలేదు."

"గంటసేపు ఒక్క లెక్క చేశావా?"

"ఊఁ."

"ఏమిటా లెక్క?"

తల దించుకుని అప్పజెప్పింది. "ఒక సరస్సులో నీటి లోతు మూడు మీటర్లు. రోజుకు పన్నెండు సెంటీమీటర్ల చొప్పున నీరు తగ్గితే సరస్సు ఎన్ని రోజుల్లో ఖాళీ అవుతుంది?"

"ఇరవై ఐదు రోజులు. అర నిమిషం పని."

"ఎక్కడి సరస్సు నాన్నమ్మా?"

"ఎక్కడిదైతే ఏంటే నీకు?"

"మనదైతే కాదు కదా. మన సరస్సులో మొదటి మీటరు వారంలో పోతుంది. గట్టు పక్క పెద్ద గుంటలన్నీ తాగేస్తాయి. నీళ్లు దిగిపోయాక ఆ గుంటలకి అందవు. ఇక అడుగున ఉన్న చిన్నవే తాగాలి. అవి మెల్లిగా తాగుతాయి. చివరి మీటరుకి నెల పైనే పడుతుంది. రోజుకి పన్నెండు అని ఎలా రాస్తాను? అందుకని గుంటలన్నీ గీసి, ఏది ఎప్పుడు ఆగుతుందో రాశాను. మొత్తం యాభై మూడు రోజులొచ్చింది. అప్పటికి గంట కొట్టేశారు."

నేను కళ్లజోడు తీసి తుడుచుకున్నాను. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి.

ఆ లెక్క రాసింది నేనే. ఉద్యోగం వదిలిన ఏడాది, ప్రశ్నల కట్ట ఒకటి చేత్తో రాసి బడికి ఇచ్చి వచ్చాను. ఇప్పటికీ అందులోంచే తీస్తున్నారన్నమాట. ఏటా వచ్చి, ఏటా భూమిలోకి ఇంకిపోయే ఈ సరస్సు పక్కన అరవై ఎనిమిదేళ్లుగా బతుకుతున్నాను. దాన్ని చూస్తూ, ఇదే కిటికీ దగ్గర కూర్చుని రాశాను ఆ మూడు మీటర్లూ పన్నెండు సెంటీమీటర్లూ. ఇది నిజంగా ఇలా ఖాళీ అవుతుందా అని ఒక్కసారైనా తల ఎత్తి చూడాలనిపించలేదు.

"ఇంకో లెక్క ఇస్తాను," అన్నాను, కళ్లజోడు మళ్లీ పెట్టుకుని.

పిల్ల వినలేదు. మెడ చాచి, నోరు కొంచెం తెరిచి, కిటికీ బయటకు చెవి పెట్టింది.

"పెద్ద డోలు," అంది.

సరస్సు నేలలోని గుంటల్లో రెండు మోగుతాయి. మా ఊళ్లో వాటిని పెద్ద డోలు, చిన్న డోలు అంటాం. కొండల కింద సొరంగాల్లో నీళ్లు పొంగుతుంటే వాటిలో గాలి ఇరుక్కుని దబ్ దబ్ మంటుంది. చిన్నప్పుడు మా నాన్న నన్ను భుజం మీద కూర్చోబెట్టుకుని వినిపించాడు. ఆ తర్వాత ఎప్పుడు వినడం మానేశానో నాకే గుర్తులేదు.

"నాకేం వినపడలేదే."

"వస్తోంది నాన్నమ్మా. సరస్సు వస్తోంది."

పెరట్లో ట్రాక్టరు కింద నుంచి డోమెన్ నవ్వాడు. "ఆగస్టులోనా? సెప్టెంబరు సగం దాటందే రాదు. మా తాత నాటి నుంచీ అదే లెక్క. మూడు రోజులుగా పడ్డవి చినుకులు. బకెట్ అడుగు కూడా నిండలేదు చూడు."

అతని ధీమాకి కారణం ఉంది. సరస్సు నేల మీద మా గడ్డి ముప్పై ఎనిమిది చుట్టలు పడి ఉంది. ఆవులకు చలికాలం మేత మొత్తం అదే. నేల మెత్తగా ఉందని, సోమవారం ఆరాక తెద్దామని వదిలేశాడు. ఊళ్లో అందరూ వదిలేశారు. మా వాళ్లంతా చేసే పొరపాటే ఇది. మా పెరట్లో వాన చూసి మాట్లాడతాం. సరస్సుకు కావలసింది మా పెరటి వాన కాదు, యావోర్నిక్ కొండల అవతల పడే వాన.

---

పన్నెండున్నరకు ముగ్గురం పెద్ద డోలు గుంటకి బయలుదేరాం. టింకారా ముందు, బ్రీనా వెనక, నేను ఇంకా వెనక.

మోకాళ్ల ఎత్తు గడ్డి, మధ్య మధ్య గడ్డి చుట్టలు, పైన ఎండ. ఎక్కడా చుక్క నీరు లేదు. రబ్బరు బూట్లేసుకుని ఈ ఎండలో తిరుగుతున్నందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

గుంట దగ్గరకు వెళ్లగానే బ్రీనా బూట్లు విప్పేసింది. మేజోళ్లు కూడా తీసేసి వట్టి కాళ్లతో రాతి మీద నిలబడి కళ్లు మూసుకుంది. అదో వేషం అనుకున్నాను.

అప్పుడు మోగింది.

చెవితో విన్నానని చెప్పలేను. ముందు నా గుండెల్లో కదిలింది, తర్వాత పళ్లలో. రాళ్ల కింద ఎక్కడో ఎవరో పెద్ద చర్మం బిగించి అరచేత్తో కొట్టినట్టు, ఒక్కటే దెబ్బ. గడ్డి కొసలు వణికాయి. నాకు తెలియకుండానే నేను శిలువ గుర్తు వేసుకున్నాను.

"పాడుతున్నాను, మాట్లాడకండి," అని టింకారా సన్నగా ఒక పాట అందుకుంది. వాళ్లమ్మ నేర్పిన పాట, మా ఇంట్లో రెండేళ్లుగా రోజూ వినపడేదే. పాడుతూ, తల్లి అరచేతిని తన చేతిలోకి తీసుకుని వేళ్లతో తాళం వేస్తోంది. మళ్లీ దెబ్బ పడింది. పాట ఆపేసింది.

"ఎనిమిది తాళాలు," అంది.

బ్రీనా సంచీలోంచి పుస్తకం తీసి రాసుకుంది.

"దానర్థమేంటే?" అన్నాను. గొంతు గుసగుసగా వచ్చింది, ఎందుకో గట్టిగా మాట్లాడాలనిపించలేదు.

"రెండు దెబ్బల మధ్య పదహారు తాళాలుంటే, నీళ్లు రావడానికి పదహారు గంటలు. ఐదుసార్లు రాసుకున్నాం, ఐదుసార్లూ అంతే."

"ఎనిమిదైతే ఎనిమిది గంటలు. అంటే రాత్రి తొమ్మిదికి."

"కాదు నాన్నమ్మా. సగమైతే సగం కాదు. సగమైతే నాలుగో వంతు. ఎనిమిదైతే నాలుగు గంటలు. నాలుగైతే ఒక్క గంటే. మొదట్లో నేనూ నీలాగే అనుకున్నాను. పోయిన ఏడాది తడిసిపోయాను."

నేను ఆ రాతి మీద కూర్చున్నాను. తొమ్మిదో తరగతిలో నేను నల్లబల్ల మీద గీసి, పరీక్షకు వస్తుందని బెదిరించి, సగం మందికి కూడా ఎక్కించలేకపోయిన సంగతి అది. ఈ పదేళ్ల పిల్లకు ఎవరూ చెప్పలేదు. కొండ కింది నుంచి వచ్చే దెబ్బల్ని పాటతో కొలిచి తనంతట తనే పట్టుకుంది. నా జీవితంలో నాకంటే గొప్ప విద్యార్థి ఎదుట నిలబడటం అదే మొదటిసారి. నాకు ఏడుపొచ్చింది. సిగ్గు కూడా వేసింది.

పుస్తకం అడిగి తీసుకున్నాను. ప్రతి పుటలో ఒక పక్షి బొమ్మ, దాని కింద స్వరాలు రాసే ఐదు గీతలు, గీతల మీద చుక్కలు. ఏ పక్షి ఏ స్వరంలో మొదలెట్టి ఎక్కడ ఆపుతుందో, ఏ రోజు ఏ గట్టున, గాలి ఎటు ఉంటే కూత ఎంత వంగుతుందో. రాత అంతా పిల్లదే. ఒక్క తేదీ కూడా తప్పిపోలేదు.

"ఇదంతా నువ్వే నేర్పావా బ్రీనా?" అన్నాను.

ఆమె నాకు వీపు పెట్టి బూట్లు తొడుక్కుంటోంది. పలకలేదు. ఇన్నాళ్లూ నేనన్న మాటలకు ఇప్పుడు నా మెప్పు అక్కర్లేదేమో అనుకుని నోరు మూసుకున్నాను.

---

ఐదులోపు గడ్డి తెచ్చేద్దామంటే డోమెన్ ససేమిరా అన్నాడు.

"పాటలు పాడి చెప్తే ట్రాక్టరు తీస్తానా? నేల మెత్తగా ఉంది. చక్రాలు కూరుకుపోతే ఎవడు లాగుతాడు?"

"ఒరేయ్, నాలుగో తరగతిలో నీకు లెక్కలు ఎవరు చెప్పారు?"

"నువ్వే."

"అప్పుడు నీకు ఎన్ని మార్కులు?"

"ఇప్పుడదెందుకమ్మా?"

"నీ కూతురికి నాకంటే ఎక్కువ వచ్చు. అమ్మగా కాదు, టీచరుగా చెప్తున్నాను. తియ్యి ట్రాక్టరు."

నా మొహంలో ఏం కనిపించిందో ఏమో, మారుమాట్లాడకుండా తీశాడు. మూడు గంటలసేపు నడుములు విరగ్గొట్టుకున్నాం. బ్రీనా తాళ్లు బిగించింది, నేను చెట్టు కింద చుట్టలు లెక్కబెట్టాను, డోమెన్ బురదను తిడుతూ తిరిగాడు. పొరుగింటి లోవ్రో గేటు మీద చేతులు వేసుకుని నవ్వాడు. "ఏం రోజాలియా టీచర్, ఆగస్టులో వరదా? ఎవరు చెప్పారు, కప్పలా?"

"నా మనవరాలు చెప్పింది. నీ గడ్డి కూడా తెచ్చుకో లోవ్రో."

"సోమవారం తెచ్చుకుంటాలే," అన్నాడు.

ఆఖరి చుట్ట గట్టెక్కేసరికి నాలుగూ నలభై. నలుగురం గట్టు మీద నిలబడ్డాం. ఎదురుగా ఆకుపచ్చటి మైదానం, ఎండలో మెరుస్తూ, ఎప్పటిలాగే ఉంది. ఐదైంది. ఏమీ లేదు. డోమెన్ గడియారం చూసుకుని నా వైపు చూశాడు. నేను పిల్ల వైపు చూడలేకపోయాను.

ఐదూ పదికి కొంగలు లేచాయి.

ఎక్కడెక్కడి కొంగలో, అన్నీ ఒక్కసారిగా గడ్డిలోంచి లేచి గాలిలో నిలబడ్డాయి. వాటి కింద గడ్డి నల్లబడింది. నల్లబడ్డ చోట వెలుతురు మెరిసింది. పై నుంచి కాదు, పక్క నుంచి కాదు, నేల లోపలి నుంచి నీళ్లు ఊరుతున్నాయి. చప్పుడు లేదు. ఒక మడుగు, పక్కన ఇంకో మడుగు, రెండూ కలిశాయి, దారి మీద మా ట్రాక్టరు చక్రాల జాడలు నిండాయి. గడ్డి తలలు ఒక్కొక్కటే నీళ్లలో వంగి మునిగిపోయాయి. లోవ్రో గడ్డి చుట్టలు మెల్లగా పైకి లేచి, ఎటు పోవాలో తెలియనట్టు తిరగడం మొదలెట్టాయి. చూస్తుండగానే ఆకాశం మొత్తం కింద పరుచుకుంది.

అరవై ఎనిమిదేళ్లుగా సరస్సు రావడం చూశాననుకున్నాను. చూడలేదు. ఎప్పుడూ వచ్చేశాక చూశాను. వస్తున్న గంటను చూడటం అదే మొదలు. మా ఊళ్లో అందరి కాళ్ల కింద ఇంత పెద్దది తిరుగుతూ ఉంటే మేం పాలూ, బూట్లూ, మార్కుల సంగతీ మాట్లాడుకుంటూ బతికేశాం.

"పది నిమిషాలు తప్పాను," అంది టింకారా దిగులుగా.

డోమెన్ టోపీ తీసేశాడు. కూతురి నెత్తి మీద చెయ్యి పెట్టాడు. తర్వాత రెండడుగులు వేసి బ్రీనా వెనక నిలబడ్డాడు. ఆమె నీళ్ల అంచున నిలబడి సరస్సును చూస్తోంది.

"బ్రీనా," అన్నాడు. "నాదే తప్పు. రెండేళ్లుగా నువ్వేం చేస్తున్నావో నాకు అర్థం కాలేదు. నన్ను క్షమించు."

వాడు పుట్టి బుద్ధెరిగాక అలాంటి మాట అనడం నేను వినలేదు. వాళ్ల నాన్న కూడా అనలేదు ఎప్పుడూ.

బ్రీనా తిరగలేదు.

ఆమె నీళ్లనే చూస్తోంది. వాడు ఇంకాసేపు నిలబడ్డాడు. మొహం ఎర్రబడింది. టోపీ పెట్టుకుని, ఏమీ అనకుండా ట్రాక్టరు వైపు నడిచి వెళ్లిపోయాడు. అప్పుడు టింకారా పరుగెత్తి వెళ్లి తల్లి మణికట్టు మీద వేళ్లతో గబగబా కొట్టింది. బ్రీనా ఉలిక్కిపడి తిరిగింది, మొగుడు నిలబడిన చోటును చూసింది, ఖాళీ చోటును చూసింది.

అప్పుడు ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. పొయ్యి దగ్గర వీపు, సూటిగా చూసే కళ్లు, పెద్దదైన గొంతు, రాతి మీద వట్టి పాదాలు. పొగరని ఊరంతా చెప్పుకొచ్చాను నేను.

---

ఇంటికి వచ్చే దారిలో పిల్ల చెయ్యి పట్టుకుని ఆపాను. బ్రీనా ముందు వెళ్లిపోయింది.

"ఎప్పట్నుంచే?"

దేని గురించి అని అడగలేదు. "ఉద్యోగం మానేయకముందు నుంచి. మొదట అమ్మకి సన్నపిట్టల కూతలు వినపడకుండా పోయాయి. తర్వాత గంట చప్పుడు. మొన్న చలికాలం నా గొంతు కూడా. పెద్ద డోలు మాత్రం కాళ్లకి తెలుస్తుందంటుంది."

"నాన్నకి?"

"తెలీదు. అమ్మ చెప్పొద్దంది. అమ్మ సంగీతం టీచరు కదా నాన్నమ్మా."

"ఆ పుస్తకం..."

"పక్షులు కూసినప్పుడు నేను గీతల మీద రాసిస్తాను. అమ్మ చదువుకుంటుంది. చదివితే లోపల వినపడుతుందట, మునుపటి లాగే." పిల్ల నా చెయ్యి లాగింది. కళ్లలో మళ్లీ అదే భయం. "నువ్వు సిద్ధమని చెప్పు నాన్నమ్మా. పరీక్షలో ఈసారి ఇరవై ఐదే రాస్తాను, తప్పైనా సరే. నేను బడికెళ్తే పొద్దున్నే అమ్మకి పక్షులు ఎవరు చెప్తారు?"

ఇంతసేపూ నేను చేతులెత్తి దండం పెట్టిన చదువు చదువే, అందులో అనుమానం లేదు. అయితే పదేళ్ల పిల్ల దాన్ని ఎందుకు అంత పట్టుదలగా పట్టుకుందో ఇప్పుడు తెలిసింది. తోటి పిల్లలతో ఆడుకోవలసిన వయసులో తల్లికి చెవులై తిరుగుతోంది. సిద్ధమంటే ఈ బరువు దాని మీదే ఉంటుంది. కాదంటే నేను అబద్ధమాడినట్టు, పైగా ఆ తల్లిని నిశ్శబ్దంలో ఒంటరిగా వదిలేసినట్టు. నిజం చెప్తే, నాది కాని రహస్యాన్ని నేను నడివీధిలో పెట్టినట్టు.

వంటింట్లో ఇంకా ఎండ ఉంది. డోమెన్ గుమ్మం వైపు వీపు పెట్టి కుర్చీలో కూర్చుని బురద బూటు లాగుతున్నాడు. కొత్త సంచీ ఇంకా బల్ల మీదే ఉంది. బ్రీనా గుమ్మంలో ఆగింది. టింకారా నా పక్కన నిలబడి పెదవి కొరుక్కుంటోంది.

"చెప్పమ్మా," అన్నాడు డోమెన్ తల ఎత్తకుండా. "ఆవిడకి నా మాట అక్కర్లేదు, సరే. పిల్ల సంగతి చెప్పు. సిద్ధమేనా కాదా? నువ్వేమంటే అదే."

నేను నోరు తెరిచాను. ఏం చెప్పబోతున్నానో దేవుడి సాక్షిగా నాకూ తెలియదు.

బ్రీనా నా పెదవుల్నే చూస్తోంది. తర్వాత నా కళ్లలోకి చూసింది. నాకు తెలిసిపోయిందని ఆమెకు తెలిసింది.

"అత్తయ్యని అడక్కు డోమెన్," అంది. "నేను చెప్తాను. ముందు కుర్చీ ఇటు తిప్పుకుని నా ఎదురుగా కూర్చో. నీ పెదాలు కనపడకపోతే నువ్వేం అంటున్నావో నాకు తెలీదు. రెండేళ్ల పైనుంచీ నా చెవులు పోతూనే ఉన్నాయి."

డోమెన్ బూటు చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. తర్వాత బూటు కింద పెట్టి లేచి, రెండు చేతులతో కుర్చీ తిప్పుకుని, ఆమె మొహానికి ఎదురుగా కూర్చున్నాడు.